నీలం చుక్కల గంప

ఈ పొద్దున లేచేసరికి చంద్రపూర్ తుకుం పేటలోని మా ఇంట్లో వంటగది నిండా నానిన మెంతుల వాసన. చేదుగా, ఎక్కడో అడుగున కొంచెం తీపిగా ఉండే వాసన అది. చాలామందికి అది దోసెల పిండినో పచ్చళ్లనో గుర్తు చేస్తుంది. నాకు మాత్రం కాగితం గుర్తొస్తుంది. నిజానికి నేను వరస తప్పాను. కాగితం ముందు నానాలి, అది మూడు రోజులు నానాక మెంతులు నానబెట్టాలి. నేను మెంతులు రాత్రే నానబెట్టేసి, కాగితాల మూట విప్పకుండా బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. రాజవ్వ పెద్దమ్మ ఉండి ఉంటే నెత్తిన మొట్టికాయ వేసి, "ముందటిది ఎన్కకు, ఎన్కటిది ముందటికి. గిదేనా నువ్వు నేర్సింది?" అనేది. ఆ మొట్టికాయ కోసమే ఇదంతా రాస్తున్నానేమో.

రాజవ్వ మాకు చుట్టం కాదు. బొగ్గు గని క్వార్టర్లలో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకే గోడ. మా నాన్న, ఆమె భర్త మల్లయ్య ఒకే గనిలో పనిచేసేవారు. మేము గోదావరి అవతలి నుంచి పనికోసం వచ్చినవాళ్లం. రాజవ్వ మాత్రం ఈ నేల మనిషే, కోర్పనా అవతల సరిహద్దు పల్లెలో తరతరాలుగా పత్తి, జొన్న పండించుకుంటున్న తెలుగు కుటుంబంలో పుట్టింది. ఆమెకు పిల్లలు లేరు. ఆ మాట ఆమె ఎన్నడూ ఎత్తేది కాదు. మిగతావాళ్లు మాత్రం ఆమె అటు తిరగగానే ఎత్తేవాళ్లు. మనిషి పొట్టి, గొంతు గట్టి. కూరగాయల బండివాడితో మరాఠీలో, పాలవాడితో హిందీలో, మొగుడితో తెలుగులో ఒకే ఊపిరిలో కొట్లాడగలిగేది. చిన్నప్పుడు నాకు ఆమె అంటే భయం, అయినా ఆమె వాకిలి వదిలేదాన్ని కాదు.

కారణం ఆమె చేతులు. వేసవి వచ్చిందంటే ఇరుగుపొరుగు ఇళ్లలో పాత కాగితాలన్నీ ఆమె గుమ్మంలోకి చేరేవి. వాటిని చింపి, నానబెట్టి, మెంతుల ముద్ద కలిపి రోట్లో దంచేది. తల్లి ఇచ్చిన రాగిబిందెను బోర్లించి, తడిబట్ట పరిచి, ఆ గుజ్జును దాని మీద మెత్తేది. చంద్రపూర్ ఎండ రెండు రోజులు కొడితే చాలు, బిందె మీంచి గంప ఊడి వచ్చేది. రొట్టెలకొకటి, ఎండుమిర్చికొకటి, పిండికొకటి. ఆ బిందెకు అడుగున ఒక సొట్ట ఉండేది. అందుకని ఆమె చేసిన ప్రతి గంపకూ అడుగున అదే చోట సొట్ట పడేది. మెంతుల చేదుకు పురుగు పట్టదని చెప్పేది. పురుగు సంగతేమో గానీ, ఆ గంపలో పెట్టిన జొన్నరొట్టె సాయంత్రానికి కూడా మెత్తగా ఉండేదని నా నోరు సాక్ష్యం చెబుతుంది.

గంప చేసిన చేత్తోనే సర్వపిండి, ఆమె మాటలో అప్ప, చేసేది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు, వెల్లుల్లి, కారం కలిపి గుండ్రటి గిన్నె లోపల పలచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె చుక్కలు వేసి మూత పెట్టేది. "ఒక్క చెయ్యే బిడ్డా," అనేది. "గిన్నె లోపట ఒత్తితే అప్ప, బయట ఒత్తితే గంప. రెండిట్ల ఏది పలుగకున్న నీ చెయ్యి కుదిరినట్టు."

కాగితాల విషయంలో ఆమెకు ఒకటే నియమం. చదవకుండా ఏ కాగితమూ చింపకూడదు. ఆమెకు అక్షరం ముక్క రాదు, అందుకే నేను. బడికి సెలవులు కాబట్టి రోజూ కాగితాల కుప్ప ముందు కూర్చుని ఒక్కొక్కటే పైకి చదవాలి, ఆమె వినాలి, ఆ తర్వాతే అది నీళ్లలోకి. "ఎవని గోసనో ఉంటది దాంట్ల. ఇనకుండ దంచితే పాపం," అనేది. అవి తొంభైల మొదటి సంవత్సరాలు. రంగురంగుల కొత్త పొట్లాలు బజారులో దిగుతున్నాయి. వాటిని కూడా నీళ్లలో వేసి, మూడు రోజుల తర్వాత చేయి పెట్టి చూసి తిట్టేది. "ఇది కాగితమేనా? నానదు, చీకదు. దీన్ని పట్టుకొని ఏం జేసుకోవాలె?" అని వాటిని ఏరి అవతల పడేసేది.

ఇక్కడ నా గొప్పతనం గురించి చెప్పాలి. నేను మరాఠీ బడిలో మొదటి ర్యాంకు పిల్లను. మరాఠీ కాగితమైతే గడగడా చదివేదాన్ని, హిందీ కూడా. తెలుగు మాత్రం ఇంట్లో మాట్లాడటమే తప్ప అక్షరం తెలియదు. మా క్వార్టర్లలో పిల్లలెవరికీ రాదు. కానీ ఆ మాట రాజవ్వకు చెప్పడానికి నాకు నామోషీ. అందరి ముందూ ఆమె నన్ను "మా చదువుల పిల్ల" అనేది. అందుకని తెలుగు కాగితం చేతికి వస్తే కళ్లు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి, "ఏం లేదు పెద్దమ్మా, సబ్బు అడ్వర్టైజు," అనేదాన్ని. పాత ఉత్తరమైతే, "అందరూ బాగున్నరట," అనేదాన్ని. ఆమె తృప్తిగా తల ఊపి, "బాగుంటే సాలు," అని నీళ్లలో వేయమనేది. ఒక వేసవంతా నేను చదివిన తెలుగు అంతా ఈ రెండు వాక్యాలే.

మరో సంగతి కూడా చెప్పాలి. మా వైపు శుభకార్యానికి పిలవాలంటే ఇంటికి మనిషి రావాలి, నుదుట బొట్టు పెట్టి నోటితో చెప్పాలి. మా క్వార్టర్ల వరసలో ఆడవాళ్లు పిలుపులకు వెళ్లేటప్పుడు పట్టుకెళ్లే కుంకుమ గిన్నె రాజవ్వ చేసిందే. అరచేతిలో పట్టేంత కాగితపు గిన్నె, బయట పసుపు పూత, అంచుకు ఎర్రగీత. ఎవరింట్లో శుభకార్యమైనా వచ్చి అడిగి తీసుకెళ్లేవారు. అది అన్ని గడపలూ తిరిగేది. పెళ్లిళ్లకైతే ఆమె గడపకూ వచ్చేది. సీమంతాలకూ, పసిబిడ్డను ఉయ్యాల్లో వేసే తొట్టెలకూ మాత్రం దాటిపోయేది. పని అయ్యాక కడిగినంత శుభ్రంగా తుడిచి తిరిగి ఇచ్చేవారు. ఆమె దాన్ని గూట్లో బోర్లించి పెట్టేది. అప్పుడు నాకది అర్థం కాలేదు. అర్థమైన వయసులో తలుచుకుంటే ఆ ఆడవాళ్ల మీదే కాదు, వాళ్లలో ఒకరైన మా అమ్మ మీద కూడా కోపం వచ్చింది.

ఆమె సొంత చెల్లెలు గంగు ఇంట్లో కూడా అదే జరిగింది. గంగు బిడ్డకు ఓణీలు వేసిన రోజున, పిల్లకు బొట్టు పెట్టబోయిన రాజవ్వ చేతిలోంచి గంగు అత్త పళ్లెం లాక్కుందట. అన్నం ముట్టకుండా ఆమె ఆ రోజే బస్సెక్కి వచ్చేసింది. ఆరేళ్లు అక్కాచెల్లెళ్ల మధ్య రాకపోకలు లేవు. నేను చెబుతున్న వేసవిలో ఆ పిల్లకే కాన్పయిందని, ఆడపిల్ల పుట్టిందని సంతకు వచ్చిన ఎవరో చెప్పారు. రాజవ్వ పౌరుషం కరిగిపోయింది. మా నాన్నను కూర్చోబెట్టి ఉత్తరం రాయించింది. "తొట్టెల ఎప్పుడో రాయుమను. నేను రావొచ్చునా అని అడుగు. గట్లనే రాయి, 'రావొచ్చునా' అని." నాన్న కలం ఆపి ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, అలాగే రాశాడు. జవాబు రాకముందే ఆమె పతంగుల కాగితంతో పదకొండు చిలుకలు చేసి, దారానికి గుచ్చింది, తొట్టెకు కట్టడానికి. నాతో ముక్కులకు ఎర్రరంగు వేయించింది.

జవాబు వచ్చింది. దాన్ని నేను చంపాను.

పోస్ట్‌మన్ ఇన్‌లాండ్ ఉత్తరాన్ని తలుపు సందులోంచి తోస్తే, అది లోపల గుమ్మం పక్కనున్న కాగితాల కుప్పలో పడింది. ఎండకు జిగురు ఊడి మడత విప్పుకుని ఉంది. అంతకు ముందురోజే మా అమ్మ నాన్న పాత ఉత్తరాలు ఒక కట్ట తెచ్చి అక్కడ పడేసింది. ఇదీ వాటిలోదే అనుకున్నాను. పైన తెలుగులో ఉన్న పేరు చదివితే తెలిసిపోయేది. చదవడం వస్తే కదా. పొయ్యి దగ్గర నుంచి రాజవ్వ అరిచింది. "ఏముంది బిడ్డా దాంట్ల?"

"పాత ఉత్తరం పెద్దమ్మా. అందరూ బాగున్నరట."

"బాగుంటే సాలు. నానవెయ్యి."

నాలుగు రోజుల తర్వాత, ఆమె వాకిట్లో బిందె మీద గుజ్జు మెత్తుతుండగా పోస్ట్‌మన్ సైకిలాపి, తెలుగు ఉత్తరం వేశాను, అందిందా అని మరాఠీలో అడిగాడు. ఆమె చేయి బిందె మీదే ఆగిపోయింది. ఇల్లంతా వెతికింది. నన్ను అడిగితే చూడలేదన్నాను. మా అమ్మ, "పిలుపే అయి ఉంటది అక్కా, నువ్వు పో," అంది. రాజవ్వ వెళ్లి మళ్లీ గుజ్జు మెత్తసాగింది. రెండు రోజులకు గంప ఆరింది. బూడిద రంగు గంప మీద అక్కడక్కడా ఇన్‌లాండ్ కాగితపు నీలం చుక్కలు. దాన్ని చూసేసరికి నాకు అన్నం సయించలేదు. ఆమె వేడివేడి సర్వపిండి విరిచి ఇస్తే, జీవితంలో మొదటిసారి వద్దన్నాను. తొట్టెలు మామూలుగా బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజున. ఇంకా ఆరు రోజులు ఉన్నాయి. ఆమె రోజూ పోస్ట్‌మన్ వచ్చే వేళకు గుమ్మంలో కూర్చుంటోంది.

రెండో రోజుకు నా వల్ల కాలేదు. ఆమె పక్కన కూర్చుని, "పెద్దమ్మా, నాకు తెలుగు రాదు," అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. ఏడుస్తూ అంతా చెప్పాను, సబ్బు అడ్వర్టైజులతో సహా. కొడుతుందనుకున్నాను. ఆమె లేచి గంప తెచ్చుకుని ఒళ్లో పెట్టుకుని, ఆ నీలం చుక్కల్ని గోటితో ఒక్కొక్కటే తడిమింది. "ఒక్క మాట అనకపోతివి పిల్లా, రాదని," అంది చివరికి. "నాకు సుత రాదు కద. నేనేమన్న నవ్వుదునా?" తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కొట్టి ఉంటేనే బాగుండేది.

మూడో రోజు పొద్దున మా గుమ్మంలోకి వచ్చి అమ్మతో, "పిల్లను నాతోని తోలు. నేను గంగు కాడికి పోతున్న. అది ఏం రాసిందో దాన్నే అడుగుత," అంది. చేతిలో అదే గంప, దాని నిండా సర్వపిండి, పైన కాగితంలో చుట్టిన చిలుకలు.

సర్కారు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. సాస్తి గనుల దగ్గర నల్లటి మట్టిదిబ్బలు, గడ్‌చాందూర్ వచ్చేసరికి సిమెంటు దుమ్ముతో తెల్లబడ్డ చెట్ల ఆకులు. దారంతా ఆమె గంపను ఒళ్లోంచి దించలేదు. గడ్‌చాందూర్‌లో బస్సు మారేటప్పుడు మాత్రం, "ఆకలైతుందా?" అని అడిగి ఒక ముక్క విరిచి నా చేతిలో పెట్టింది. ఆమె నాతో మాట్లాడినందుకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిన్నాను. కారం ఎక్కువైందని చెప్పుకున్నాను.

గంగు వాకిట్లో పందిరి వేశారు. మమ్మల్ని చూసి ఎదురొచ్చిన గంగు ముఖం మొదట వెలిగింది, వెంటనే పాలిపోయింది. గడపకు అవతలే ఆగిపోయి, "అక్కా... ఉత్తరం అందలేదా?" అంది.

నేను పెద్దమ్మ వెనక్కి నక్కాను. రాజవ్వ నా వైపు చూడనైనా లేదు. "అందింది. సదివేటోళ్లు దొరకక నానవెట్టిన," అంది. "ఇగో, గీ గంపల ఉన్నది నీ ఉత్తరం. అప్పలు తీసుకొని సూసుకో."

గంగు గంపను రెండు చేతులా అందుకుంది. కింద పట్టుకున్న వేళ్లకు ఆ సొట్ట తగిలింది. వేళ్లు అక్కడే తచ్చాడాయి. "అమ్మ బిందె," అంది. లోపల మంచంలోంచి గంగు అత్త, "ఎవరే వచ్చింది?" అని కేక వేసింది. గంగు కళ్లు తుడుచుకుని వెనక్కి తిరగకుండానే, అందరికీ వినపడేలా, "మా అక్క. నేనే పిలిచిన," అంది. లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చి, గడప ఇవతల నిలబడ్డ అక్క నుదుట బొట్టు పెట్టింది. "అక్కా, ఇంకో రెండు దినాలల్ల నా మనుమరాలి తొట్టెల. నువ్వు తప్పకుండ రావాలె."

రాజవ్వ కొంగు సర్దుకుంది. "సూస్త తియ్యి. తీరిక దొరికితే వస్త," అంది. ఇద్దరూ ఒకేసారి నవ్వబోయి ఒకేసారి ఏడ్చారు. మేము మూడు రోజులు ఉన్నాం. చిలుకలు తొట్టెకు రాజవ్వే కట్టింది. ముసలమ్మ గోడవైపు తిరిగి పడుకుంది గానీ, సర్వపిండి వాసన వచ్చాక ఇటు తిరిగి, ముక్క పాలలో నానబెట్టి ఇమ్మంది. నూనె తక్కువైందని వంక కూడా పెట్టింది.

తిరిగొచ్చాక రాజవ్వ నాకు శిక్ష వేసింది. తెలుగు నేర్చుకునేదాకా కాగితాల కుప్ప ముట్టుకోకూడదు. డ్యూటీ నుంచి వచ్చిన నాన్న వాకిట్లో బొగ్గుముక్కతో అక్షరాలు రాస్తే నేను దిద్దేదాన్ని. దీపావళి నాటికి కూడబలుక్కుని చదవగలిగాను. అప్పటి నుంచి అక్కాచెల్లెళ్ల ఉత్తరాలు నా మీదుగానే నడిచాయి. గంగు అక్కడెవరితోనో రాయించేది, నేను చదివేదాన్ని. రాజవ్వ చెప్పేది, నేను రాసేదాన్ని. "ఉన్నదున్నట్టు రాయి. నీ తెలివి కలుపకు," అని ప్రతిసారీ హెచ్చరించేది. ఆ తర్వాత ఫోన్లు వచ్చాయి, ఉత్తరాలు ఆగిపోయాయి. కానీ నేను చదివే తెలుగు ఆగలేదు. ఇప్పుడు ఈ మాటలు తెలుగులో రాస్తున్నానంటే దానికి మూలం ఏ బడీ కాదు.

మల్లయ్య పోయాక ఆమె మా ఇంటికి దగ్గర్లోనే గది తీసుకుని ఉంది. చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం పాత చీరపేలికతో కట్టిన మూట నా ఒళ్లో పెట్టింది. గంగు ఉత్తరాలన్నీ. "ఇవి దాసుకోకు. సెదలు తింటయి. గంప జేసుకో, రొట్టెలన్న పెట్టుకుంటవ్," అంది. మూట ముడి సరిచేసి, అన్నేళ్లలో ఎన్నడూ ఎత్తని మాట ఎత్తింది. "గా ఉత్తరంల ఏం రాసున్నదో నాకు ఎరుకే బిడ్డా."

నేను తెల్లబోయాను.

"పిలిచేదుంటే బొట్టు పట్టుకొని మనిషొస్తది. రాకుమనేటందుకే ఉత్తరం. పోస్ట్‌మన్ అడిగిననాడే సమజైంది నాకు."

"మరి తెలిసీ ఎట్ల పోయినవ్ పెద్దమ్మా?"

"రాకుమన్న మాట నా చెవుల పడలే కద. నా చెవుల పడ్డది నువ్వు సదివిందే. అందరూ బాగున్నరట అన్నవ్. గదే పట్టుకొని పోయిన." నవ్వి, అంత నీరసంలోనూ వేలు ఆడించింది. "గట్లని మళ్ల అబద్ధం సదివేవు!"

ఆరు రోజులు గుమ్మంలో కూర్చున్నది ఉత్తరం కోసం కాదని అప్పుడు తెలిసింది. ఆమె ఎదురుచూసింది కుంకుమ భరిణెతో వచ్చే మనిషి కోసం. ఆ మనిషి రాలేదు గనుక తనే వెళ్లింది. పిలవని గుమ్మం ముందు నిలబడటానికి ఎంత గుండె కావాలో నాకు ఈ వయసులో తెలుసు. అవమానం జరుగుతుందేమోనని నేను వెళ్లకుండా ఆగిపోయిన గుమ్మాలు చాలా ఉన్నాయి. ఆ తర్వాత కొన్నింటికైనా వెళ్లాను, చేతిలో తినేదేదో పట్టుకుని. కొందరు లోపలికి రమ్మన్నారు, కొందరు అనలేదు. వెళ్లినందుకు మాత్రం ఎప్పుడూ బాధపడలేదు.

ఆమె పోయాక మూట విప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. మెంతులు నానాయి, ఇక వాయిదా వేయడానికి లేదు. ఆమె నాకు వదిలిపోయిన రాగిబిందె కడిగి బోర్లించాను. ఆ తొట్టెల నుంచి మాతోనే తిరిగొచ్చిన నీలం చుక్కల పాత గంప పక్కనే ఉంది, అంచు ఒకచోట చిట్లింది, అయినా రొట్టెలు అందులోనే పెడతాను. మూట విప్పి ఒక్కో ఉత్తరం తీసి, ఆమె నియమం ప్రకారం ఖాళీ ఇంట్లో పైకి చదివి, చింపి, నీళ్లలో వేస్తూ వచ్చాను. పత్తి ధర, గంగు మోకాళ్ల నొప్పి, ముసలమ్మ పోవడం, చిలుకలు ఆడించిన పిల్ల బడికి పోవడం. మధ్యాహ్నానికి చివరి ఉత్తరం మిగిలింది. మడత విప్పి మొదటి వాక్యం గట్టిగా, వంటింట్లో ఎవరో వింటున్నట్టే చదివాను. "అక్కా, ఈడ అందరం బాగున్నం."

ఈసారి అందులో నిజంగానే అలా రాసి ఉంది.